జాన్ కాన్‌స్టంటైన్ హిసాబ్ కితాబ్

బక్రీద్ మూడో రోజు రాత్రి. గోష్త్ పంచడం అయిపోయింది, చుట్టాలు వెళ్ళిపోయారు, ఇంట్లో కలేజీ వాసన మాత్రం ఇంకా పోలేదు. హైదరాబాదులో బీటెక్ చదివే మా భాంజా తన లాప్‌టాప్ తెచ్చి టీవీకి తగిలించి, "మామూ, ఈరోజు మీకో మంచి పిక్చర్ చూపిస్తా. జిన్నాత్, షైతాన్, ఫరిష్తే అందరూ ఉంటారు" అన్నాడు. ఇంటర్ చదివే మా బేటీ వెంటనే దిండు పట్టుకొచ్చి ముందు కూచుంది. మా బేగం "పండగ పూట షైతాన్ పిక్చరేందిరా" అని ఒక మాట అని, చివరిదాకా మాతోపాటే కూచుని చూసింది.

పిక్చర్ పేరు 'కాన్‌స్టంటైన్'. 2005లో వచ్చింది, అంటే మా బేటీ పుట్టకముందు. 'మ్యాట్రిక్స్' కియాను రీవ్స్ హీరో. నల్ల సూటు, నల్ల టై, వేళ్ళ మధ్య ఎప్పుడూ సిగరెట్టు. రెండు గంటలు చూసి లేచాక నలుగురం నాలుగు కథలు చెప్పుకున్నాం. మా బేగం అయితే "వాడు చివర్లో చచ్చాడా, బతికాడా?" అని అడిగింది. దానికి నా దగ్గర ఉన్న జవాబు "రెండూ" అని. ఆమె నన్ను చూసిన చూపు మీకు చెప్పలేను.

పాత పిక్చర్ గురించి ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మా బేటీ అడిగిన రెండు ప్రశ్నల వల్ల. ఒకటి ఆ రాత్రే అడిగింది. "అబ్బా, ఇందులో జిబ్రీల్ విలనా?" రెండోది మర్నాడు ఫజర్ తర్వాత చాయ్ తాగుతుంటే అడిగింది. రెండో దానికి జవాబు చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. దాని దగ్గరికి వస్తాను, ముందు కథ చెప్పాలి. చూడనివాళ్ళు ఉంటే ముందే మాఫీ అడుగుతున్నా, ముగింపుతో సహా చెప్పేస్తున్నా.

జాన్ కాన్‌స్టంటైన్‌కి చిన్నప్పటి నుంచీ మామూలు మనుషులకు కనపడనివి కనిపిస్తాయి. అమ్మానాన్నలు పిచ్చి అనుకుంటారు. తట్టుకోలేక పదిహేనేళ్ళ వయసు దాటుతూనే ప్రాణం తీసుకుంటాడు. డాక్టర్లు బతికిస్తారు. చచ్చిపోయి ఉన్నది రెండు నిమిషాలే, కానీ ఆ రెండు నిమిషాలూ దోజఖ్‌లో గడిపి వచ్చాడు. ఖుద్‌కుషీ గునాహ్ కాబట్టి, మళ్ళీ చచ్చినప్పుడు తన జాగా అక్కడేనని వాడికి తెలుసు. అందుకే లాస్ ఏంజిలిస్ నగరంలో మనుషుల్ని పట్టిన షైతాన్లను పట్టి వెనక్కి పంపే పని పెట్టుకున్నాడు. మంచితనం వల్ల చేసే పని కాదు అది. ఎన్నో కొన్ని షైతాన్లను పంపిస్తే తన ఖాతా సాఫ్ అవుతుందేమోనని. పైగా రోజుకు ముప్పై సిగరెట్లు తాగి ఊపిరితిత్తుల్లో కేన్సర్ తెచ్చుకున్నాడు, గడువు దగ్గర పడింది.

ఇటుపక్క ఏంజెలా అనే పోలీసు ఆఫీసరు. ఆమె కవల చెల్లి ఇసబెల్ మానసిక ఆసుపత్రిలో ఉంటూ అక్కడే ప్రాణం తీసుకుంటుంది. చెల్లి అలా చేసి ఉండదని ఏంజెలా నమ్మకం. చర్చిలో ఆమెకు అంతిమ ప్రార్థన చేయమని పాదరీని బతిమాలుతుంది, ఆయన కుదరదంటాడు. ఆ సీను ఒక్క నిమిషం కూడా ఉండదేమో. రాత్రంతా నాకు కళ్ళ ముందు తిరిగింది అదే.

ఇక్కడిదాకా బాగుంది. ఇక్కడి నుంచి ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. ఈసా అలైహిస్సలాంను శిలువ మీద పొడిచినట్టు వాళ్ళు నమ్మే బల్లెం మెక్సికోలో దొరుకుతుంది, అదీ నాజీల జెండాలో చుట్టి. లూసిఫర్‌కి మామ్మన్ అనే కొడుకుంటాడు, వాడు దునియాలోకి రావాలంటే ఆ బల్లెమూ కావాలి, ఇసబెల్ లాంటి చూపున్న మనిషీ కావాలి, పైవాడి సాయమూ కావాలి. దోజఖ్‌లో ఒక బైబిల్ ఉంటుందట, అందులో కొరింథీయుల పత్రిక మామూలు బైబిల్ కంటే పొడుగట. ఒక పాదరీ మందు దుకాణంలో చస్తాడు. ఒక మంత్రగాడి దగ్గర కరెంటు కుర్చీ ఉంటుంది. మా భాంజా మధ్యమధ్య ఆపి చెబుతున్నాడు, చెప్పేకొద్దీ ఇంకా తికమక అవుతున్నది. ఇంతకీ పైనుంచి సాయం చేస్తున్నది ఎవరయ్యా అంటే, గాబ్రియేల్. అంటే మన జిబ్రీల్.

ఈ గందరగోళానికి ఒక కారణం మా భాంజా చెప్పాడు, నాకు నిజమే అనిపించింది. ఇది 'హెల్‌బ్లేజర్' అనే కామిక్ నుంచి తీసింది. 1985లో ఆలన్ మూర్ 'స్వాంప్ థింగ్' అనే ఇంకో కామిక్‌లో ఈ కాన్‌స్టంటైన్‌ను పక్క పాత్రగా పెట్టాడు. 1988లో వాడి పేరు మీదే సొంత కామిక్ మొదలై, 2013లో 300వ సంచికతో ఆగింది. పాతికేళ్ళు. అందులో వాడు అమెరికావాడు కాదు. ఇంగ్లండులోని లివర్‌పూల్‌వాడు, పచ్చ జుట్టు, మాసిపోయిన రెయిన్‌కోటు, కూలీనాలీ ఇళ్ళ నుంచి వచ్చినవాడు. బొమ్మ గీసినవాళ్ళు స్టింగ్ అనే పాటగాడి ముఖం చూసి గీశారట. మొదట్లో రాసిన జేమీ డిలానో అయితే మార్గరెట్ థాచర్ రోజుల ఇంగ్లండు మీద కోపమంతా అందులో పోశాడు. మూడో సంచికలోనే 1987 ఎన్నికల రోజు, సూటు వేసుకున్న షైతాన్లు రూహ్‌లను షేర్ల మాదిరి కొంటూ అమ్ముతూ ఉంటారు. పేదవాడి మొహల్లాను పీక్కుతినే షైతాన్ ఎలా ఉంటాడో చూపించిన కథ అది. సినిమాలో ఆ వాసన కూడా లేదు. లాస్ ఏంజిలిస్‌కి తెచ్చారు, జుట్టు నల్లబడింది, కోపం పోయి ముభావం మిగిలింది.

కేన్సర్ కథ మాత్రం కామిక్‌లోదే. 1991లో గార్త్ ఎన్నిస్ రాశాడు. అందులో కాన్‌స్టంటైన్ ఏం చేస్తాడంటే, దోజఖ్ సర్దార్లు ముగ్గురుంటే ముగ్గురికీ తెలియకుండా తన రూహ్‌ను అమ్మేస్తాడు. వాడు చస్తే ముగ్గురూ కొట్టుకు చావాలి. చేసేది లేక వాళ్ళే వాడి కేన్సర్ నయం చేస్తారు. ఒకే ప్లాటు ముగ్గురికి రిజిస్ట్రీ చేసే బ్రోకర్లను మనం చూడలేదా, అలాంటివాడు. గొప్ప చాలాకీ. అందులో ధర్మం ఉందని ఎవరూ చెప్పరు, వాడూ చెప్పడు. అందుకే ఆ కథ తికమక పెట్టదు. మోసగాడు షైతాన్‌ను మోసం చేశాడు, అంతే.

సినిమావాళ్ళకు అది సరిపోలేదు. హీరో అన్నాక చివర్లో ఒక ఖుర్బానీ చేయాలి, పైకి వెలుగులోకి వెళ్ళాలి. ఫ్రాన్సిస్ లారెన్స్ పాటల వీడియోలు తీసి తీసి మొదటిసారి తీసిన పెద్ద సినిమా ఇది. చూపు ఉంది, ఒప్పుకుంటాను. దోజఖ్‌ను వేరే లోకంలా చూపించకుండా అదే లాస్ ఏంజిలిస్ రోడ్డును ఆగని నిప్పుగాలిలో చూపించాడు. చివర్లో లూసిఫర్ తెల్ల సూటు వేసుకుని, కాళ్ళ నుంచి తారు కారుతుండగా దిగుతాడు. పీటర్ స్టోర్మేర్ అనే నటుడు. నేనైతే అంత మెత్తగా మాట్లాడే షైతాన్‌ను సినిమాల్లో చూడలేదు. మెత్తగా మాట్లాడటమే వాడి పని కదా.

ఇప్పుడు మొదటి ప్రశ్న. జిబ్రీల్‌కు ఒక నటి ముఖం పెట్టడం మా బేగానికి నచ్చలేదు, టీవీ కట్టేయమంది. నాకూ ఇబ్బందిగానే ఉంది. ఆ పాత్ర వేసిన టిల్డా స్వింటన్ మంచి నటే. కానీ ముఖం సంగతి అలా ఉంచి, ఆ పాత్ర ఏం మాట్లాడుతుందో వినమన్నాను పిల్లల్ని. గాబ్రియేల్ ఫిర్యాదు ఏంటంటే, ఈ మనుషులకు ఖుదా ప్రేమ ఊరికే దొరికింది, ఎంత గునాహ్ చేసినా తౌబా చేస్తే చాలు మాఫీ దొరుకుతుంది, వీళ్ళకు అంత అర్హత లేదు, కాబట్టి దునియా మీద నరకం వదిలితే అప్పుడు తట్టుకున్నవాళ్ళే లాయఖ్.

ఈ మాటలు మనం ఎక్కడో విన్నాం. ఆదం అలైహిస్సలాంను చూసి "వీడి కంటే నేను మేలు" అన్నవాడివి ఇవి. ఇబ్లీస్ హసద్ ఇది. మన దగ్గర ఫరిష్తాలు కూడా ఆదం విషయంలో ప్రశ్న అడిగారు, రక్తం చిందించేవాణ్ణి భూమి మీద పెడతావా అని. బఖరా సూరా మొదట్లోనే ఉంది. కానీ అడిగి, జవాబు విని, నువ్వు నేర్పిందే మాకు తెలుసు అని తల వంచారు. ఇబ్లీస్ వంచలేదు. వాడు ఫరిష్తా కూడా కాదు, జిన్నాత్‌లోవాడని కహఫ్ సూరా చెబుతుంది. అల్లా ఆజ్ఞ మీరడం ఫరిష్తాల స్వభావంలోనే లేదు. పైగా జిబ్రీల్‌కు ఖుర్ఆన్ ఇచ్చిన పేరే రూహుల్ అమీన్, అమానత్‌కు నమ్మదగినవాడని. సినిమా ఏం చేసిందంటే ఇబ్లీస్ మాటలు తీసుకుపోయి జిబ్రీల్ నోట్లో పెట్టింది, ఆ ఫసాద్‌ను ఆపే పని లూసిఫర్‌కు ఇచ్చింది. చివర్లో గాబ్రియేల్ రెక్కలు కాల్చి, తన కొడుకును వెనక్కి లాక్కుపోయేది లూసిఫరే. దునియాను కాపాడింది షైతాన్! చూసేవాళ్ళకు తల తిరక్క ఏమవుతుంది.

కానీ ఇన్సాఫ్‌గా ఒక మాట చెప్పాలి. ఈ సినిమాలో ఒక రూల్ ఉంది, అది మనకు బాగా దగ్గరిది. షైతాన్లు మనిషిని బలవంతం చేయకూడదు, చెవిలో ఊదడమే. దీన్నే మనం వస్వసా అంటాం, నాస్ సూరాలో రోజూ దానినుంచే పనాహ్ అడుగుతాం. ఖయామత్ రోజు ఇబ్లీస్ తన వెంట వచ్చినవాళ్ళతో "మీ మీద నాకు జోరేమీ లేదు, పిలిచాను, మీరొచ్చారు, నన్నెందుకు తిడతారు" అన్నట్టు చేతులు దులుపుకుంటాడని ఇబ్రాహీం సూరాలో ఉంది. ఆ ముక్క సినిమావాళ్ళు పట్టుకున్నారు. కాకపోతే దాన్ని ఖుదాకూ షైతాన్‌కూ మధ్య పందెం అన్నారు. మన దగ్గర పందెం లేదు. వాడు మొహలత్ అడిగాడు, ఇచ్చారు. పందెం అంటే ఇద్దరు సమానమైన ఆటగాళ్ళు ఉండాలి. గడువు అడుక్కున్నవాడు ఆటగాడెలా అవుతాడు?

ఇంకొకటి. కాన్‌స్టంటైన్ గాబ్రియేల్ దగ్గరికి వెళ్ళి, ఇన్ని షైతాన్లను పంపించాను, నాకెందుకు జన్నత్ లేదని అడుగుతాడు. ఇదంతా నీ కోసం నువ్వు చేసుకున్నదే కదా అంటుంది గాబ్రియేల్. నాకు నమ్మకం ఉందని వాడంటే, నువ్వు నమ్మడం లేదు, నీకు తెలుసు, చూశావు, అది వేరు అంటుంది. మా బేటీ అక్కడ ఆపమని, "అబ్బా, ఇది కరెక్టే కదా?" అంది. కరెక్టే. గైబ్ మీద ఈమాన్ అంటే చూడకుండా నమ్మడం. చూసినవాడికి ఇక పరీక్ష ఏముంది? ఇబ్లీస్ కూడా అన్నీ చూసినవాడే, వాడికంటే ఎక్కువ ఎవరికి తెలుసు? తెలిసీ తల వంచలేదు. అమల్ అంతా నియ్యత్ మీద అని హదీసు నేర్చుకున్న పిల్లలకు ఈ సీను వెంటనే అర్థమైంది. విలన్ నోట్లో అంత మంచి మాట పెట్టారే అని మా భాంజాకు ఆశ్చర్యం.

సరే. ఈ తికమకల్లో ఎక్కువ భాగం నవ్వుకుని వదిలేసేవే. క్లైమాక్స్‌లో చచ్చిపోయిన కాన్‌స్టంటైన్ శిష్యుడు చాస్, పేర్లన్నీ పడిపోయాక సమాధి దగ్గర రెక్కలతో ప్రత్యక్షమవుతాడు. మనిషి ఫరిష్తా ఎప్పుడయ్యాడో ఎవరికీ తెలియదు. మన ఇళ్ళలో కూడా చిన్నపిల్లలు పోతే ఫరిష్తా అయిపోయాడంటారు, తల్లి గుండె కోసం అనే మాట అది, దాన్ని పట్టుకుని నేను వాదించను. మొదటి సీనులో ఒక అమ్మాయిని పట్టినదాన్ని అద్దంలోకి లాగి బంధిస్తాడు. మా బేగం "అచ్చం మన ఆమిల్ సాబ్‌లాగే" అంది. అక్కడ మాత్రం నాకు నవ్వు రాలేదు. ఇసబెల్‌కు నిజంగానే షైతాన్లు కనిపించాయి, డాక్టర్లే అర్థం చేసుకోలేదు అంటుంది సినిమా. మన మొహల్లాల్లో నిద్రపట్టని పిల్లను, మాట్లాడటం మానేసిన పిల్లవాణ్ణి ముందు దర్గాకు, తర్వాత ఆమిల్ దగ్గరికి, తావీజు మీద తావీజు కట్టాక ఆఖర్న డాక్టరు దగ్గరికి తీసుకెళతారు. జిన్నాత్ ఉన్నారు, ఖుర్ఆన్ చెప్పింది, నమ్ముతాం. ప్రతి రోగానికీ మందు ఉంది, వైద్యం చేయించుకోండి అని చెప్పింది కూడా మన రసూలే (స). ఇప్పుడు ఇల్లు దాటక్కర్లేదు, 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కూడా కట్టక్కర్లేదు. గోడ మీద రాసిపెట్టుకోండి.

ఇప్పుడు ముగింపు. చివర్లో మామ్మన్ రాబోతున్నాడు, ఏంజెలా ఒంట్లో ఉన్నాడు, గాబ్రియేల్ ముందు కాన్‌స్టంటైన్ ఓడిపోయాడు. అప్పుడు వాడు లూసిఫర్‌ను రప్పించడానికి మళ్ళీ తన ప్రాణం తానే తీసుకోబోతాడు. వాడి రూహ్ కోసం లూసిఫర్ స్వయంగా వస్తాడని వాడికి తెలుసు. వచ్చాక కొడుకు సంగతి చెప్పి పట్టిస్తాడు. లూసిఫర్ ఖుషీ అయ్యి ఏం కావాలో అడగమంటాడు. నన్ను బతికించమని అనడు. ఇసబెల్‌ను దోజఖ్ నుంచి వదిలిపెట్టమంటాడు. ఆ ఒక్క కోరికతో వాడి ఖాతా మారిపోతుంది, వెలుగు వాణ్ణి పైకి లాగుతుంది. పైకి పోతూ లూసిఫర్‌కు వేలు చూపిస్తాడు, మా బేటీ ముందు చూడాల్సి వచ్చింది. వీడు జన్నత్‌కు పోవడమేంటని లూసిఫర్ కోపంతో వాడి ఊపిరితిత్తుల్లోంచి కేన్సర్ పీకేసి బతికిస్తాడు, మళ్ళీ ఎప్పుడో ఒకప్పుడు పాపం చేసి నా దగ్గరికే వస్తావని.

నాకు తికమక ఎక్కడంటే ఇక్కడ. రెండు గంటలపాటు సినిమా మనకు ఒకటే చెప్పింది. ఖుద్‌కుషీ చేసుకున్నవాడికి దోజఖ్ తప్పదు, ఎవరూ ఏమీ చేయలేరు, అదే రూల్. ఆ రూల్ మీదే కథ మొత్తం నిలబడింది. చివరికి హీరో అదే పని చేసి, నియ్యత్ మంచిదని పైకి పోయాడు. అయితే మరి ఇసబెల్? సినిమా నడక చూస్తే ఆ పిల్ల కూడా తనను షైతాన్ వాడుకోకూడదనే ప్రాణం తీసుకున్నట్టుంది. ఆమె నియ్యత్ ఎవరు చూశారు? ఆమె పదిహేనేళ్ళ కాన్‌స్టంటైన్ లాగే భయపడిన, ఎవరూ నమ్మని పిల్ల. వాళ్ళిద్దరి హిసాబ్ చూసిన కితాబులో ఒక్క గీత కూడా రహ్మత్ లేదు. ఆమెను వదిలిపెట్టింది కూడా ఖుదా కాదు, లూసిఫర్ మెహర్బానీ. ఇంత పెద్ద సినిమాలో దుఆ చేసి, రబ్‌ను అడిగి తెచ్చుకున్న మాఫీ ఒక్కటీ లేదు. అన్నీ బేరాలే.

క్రైస్తవుల పేరు మీద ఈ రూల్ చెప్పారు కానీ వాళ్ళ చర్చి కూడా అక్కడే ఆగిపోలేదు. 1917 నాటి కాథలిక్ చట్టంలో తెలిసి ప్రాణం తీసుకున్నవాళ్ళకు చర్చి తరఫున అంత్యక్రియలు లేవు. 1983 చట్టంలో ఆ మాట తీసేశారు. 1992 నాటి వాళ్ళ ధర్మబోధ గ్రంథం అలాంటివాళ్ళ మోక్షం మీద ఆశ వదులుకోవద్దనే చెబుతుంది. 2005లో వచ్చిన సినిమా మాత్రం పాత పాదరీనే పట్టుకొచ్చింది. పాత పాదరీ అయితేనే కథ భయంగా ఉంటుంది మరి.

ఇక మర్నాడు ఫజర్ తర్వాత మా బేటీ అడిగింది. "అబ్బా, మన గల్లీ భయ్యా కూడా ఇసబెల్ లాగా అక్కడే ఉన్నాడా?"

కొన్నేళ్ళ కింద మా గల్లీలో ఒక పిల్లవాడు అలా పోయాడు. ఇరవై రెండేళ్ళు. మా బేటీకి సైకిల్ నేర్పినవాడు. ఎందుకో ఎవరికీ పూర్తిగా తెలియదు, తెలిసినట్టు మాత్రం అందరూ మాట్లాడారు. మసీదు సహన్‌లో ఒకాయన జనాజా చదవొచ్చా అని మొదలుపెట్టాడు, ఇంకొకాయన చదవకూడదన్నాడు. అప్పటి మా ఇమామ్ సాబ్ పెద్దాయన, మోకాళ్ళ నొప్పులు, కుర్చీలోంచి లేచి సఫ్ ముందుకు వెళ్ళి నిలబడ్డారు. "నమాజ్ మన పని, హిసాబ్ అల్లాహ్ పని. సఫ్‌లు సరిచేసుకోండి" అన్నారు. అంతే అన్నారు. ఆయన ఆ రోజు అలా లేవకపోతే ఏమయ్యేదో నేను ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

కానీ తర్వాత ఆడవాళ్ళ మధ్య మాటలు ఆగలేదు. ఆ తల్లిని మేమందరం ఖాలా అని పిలుస్తాం. నీ కొడుకుకు ఫాతిహా చేరదని ఎవరో చెప్పారట. ఆమె ఇజ్తిమాకు రావడం మానేసింది, షాదీలకు రావడం మానేసింది. మేము పండక్కి గోష్త్ పంపిస్తాం, తీసుకుంటుంది, లోపలికి రమ్మనదు. అంత దూరం పోనక్కర్లేదు, ఆ పాదరీ సీను మా గల్లీలో రోజూ ఆడుతూనే ఉంది.

బేటీకి ఏం చెప్పాలి? ఖుద్‌కుషీ హరామ్. ఇందులో ఇఖ్తిలాఫ్ లేదు, హదీసుల్లో కఠినమైన వయీద్‌లు ఉన్నాయి, వాటిని దాచిపెట్టి పిల్లలకు చెప్పకూడదు. అలా పోయిన ఒకాయన జనాజా రసూలుల్లాహ్ (స) స్వయంగా చదవలేదని ముస్లిం షరీఫ్‌లోనే ఉంది. మిగతావాళ్ళు దాని నుంచి ఇబ్రత్ తీసుకోవాలని అలా చేశారని ఉలమా చెబుతారు. అబూ హనీఫా, మాలిక్, షాఫయీ, అలాంటివాళ్ళ జనాజా చదవాలనే అన్నారు, హనఫీ ఫత్వా కూడా అదే. గునాహ్ చేసినవాడు ముస్లిం కాకుండా పోడు. మిమ్మల్ని మీరు చంపుకోకండని నిసా సూరాలో వచ్చే ఆయత్ కూడా ఎలా ముగుస్తుందో చూడమన్నాను. అల్లాహ్ మీ మీద రహ్మత్ గలవాడని. మనా చేసే చోటే మెహర్బానీ గుర్తుచేశాడు.

తర్వాత ముస్లిం షరీఫ్‌లోదే ఇంకో హదీసు చెప్పాను. తుఫైల్ ఇబ్న్ అమ్ర్ అనే సహాబీ తన ఖబీలాకు చెందిన ఒకాయనతో మదీనాకు హిజ్రత్ చేసి వచ్చారు. మదీనా గాలి పడక ఆయనకు జబ్బు చేసింది. బాధ ఓర్చుకోలేక తన చేతులు తానే గాయపరచుకుని చనిపోయారు. తుఫైల్‌కు కలలో కనిపించారు, మంచి స్థితిలో ఉన్నారు, కానీ చేతులు మాత్రం కప్పుకుని ఉన్నారు. నీ రబ్ నిన్ను ఏం చేశాడని అడిగితే, రసూల్ దగ్గరికి చేసిన హిజ్రత్ వల్ల నన్ను మాఫ్ చేశాడన్నారు. చేతులెందుకు కప్పుకున్నావంటే, నువ్వు పాడుచేసుకున్నదాన్ని మేము బాగుచేయమని తనతో చెప్పారన్నారు. తుఫైల్ ఈ కల రసూలుల్లాహ్‌కు (స) చెబితే, ఆయన వెంటనే దుఆ చేశారు, ఆ చేతులను కూడా క్షమించమని.

మా బేటీ కాసేపు ఏమీ మాట్లాడలేదు. మా భాంజా ఫోన్ చూసుకుంటున్నట్టు కూచున్నాడు, చూసుకోవడం లేదు. వాడు ఆ మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయాడు. 2014లో మాట్ రయాన్ వేసిన సీరియల్ ఒకటి ఉంది, పదమూడు ఎపిసోడ్లే, కామిక్‌కి ఇంకా దగ్గర, అది చూడండి మామూ అని చెప్పి మరీ వెళ్ళాడు. కియాను రీవ్స్‌తోనే రెండో భాగం తీస్తామని 2022లో ప్రకటించారట, దానికోసం ఎదురు చూస్తున్నాడు. తీస్తే నేనూ చూస్తాను. ఇసబెల్ సంగతి మళ్ళీ ఎత్తుతారేమో చూడాలి.

అసర్ తర్వాత మా బేటీ దుపట్టా వేసుకుని, "అబ్బా, ఆ హదీసు ఖాలాకు చెప్పొచ్చా?" అంది. నువ్వొక్కదానివే వద్దు, నేనూ అమ్మీ కూడా వస్తామన్నాను. వెళ్ళాం. ఈసారి ఖాలా లోపలికి రమ్మంది. చెప్పడం మా బేటీయే చెప్పింది, నేను మధ్యలో పేరు ఒక్కటి సరిచేశాను. ఖాలా కుర్చీ అంచు పట్టుకుని విన్నది. అంతా అయ్యాక ఒక్క మాటే అడిగింది.

"చేతులకు కూడానా?"

"చేతులకు కూడా, ఖాలా" అంది మా బేటీ.